ఈత కొలను పంచాయితీ

బస్సు నడిపే ఆవిడకి ఇంట్లోనే రెండు పార్టీలు. మామగారు జీవితమంతా ఎర్రజెండా మోసినవారు. వీధి చివర ఇనుప సామాన్ల కొట్టు నడిపే సొంత అన్నయ్యేమో సర్కారు చెయ్యి పెట్టిందల్లా పాడైపోతుందనే మనిషి. ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఆదివారం భోజనాల దగ్గర కూర కంటే ముందు రాజకీయం వడ్డన అయ్యేది.

ఆ పేటలో ఒక ఈత కొలను ఉంది. ఎండిపోయి చాలా ఏళ్లయింది. ఒక పార్టీ గెలిస్తే నగరపాలక సంస్థే నడపాలనేది, రెండోది గెలిస్తే అమ్మేయాలనేది. వీళ్లు మొదలుపెట్టింది వాళ్లు ఆపేవారు, గేటు మాత్రం తుప్పు పడుతూ ఉండేది. చివరికి కౌన్సిలు చేతులెత్తేసి, పేటవాళ్ల పేర్లన్నీ డబ్బాలో వేసి చీటీలు తీయించింది. పేరొచ్చినవాళ్లు కూర్చుని ఏం తేలిస్తే అదే ఖాయమంది. అలా ఆవిడ పేరు వచ్చింది.

"మన మాట గట్టిగా చెప్పమ్మాయ్," అన్నారు మామగారు.

"నా మాట కూడా, చెల్లీ," అన్నాడు అన్నయ్య.

చీటీల్లో పేరొచ్చినవాళ్లంతా కూర్చున్న గ్రంథాలయం పై గదిలో మొదట్లో ఆవిడ మామగారి మాటలే అప్పజెప్పింది. ఎదురుగా కూర్చున్న పళ్ల డాక్టరు అచ్చం అన్నయ్యలాగే మాట్లాడాడు. ఎక్కడి గొంగళి అక్కడే ఉంది. ఓ మూల కూర్చున్న పూలకొట్టు ముసలావిడ అప్పుడడిగింది:

"ఇంతకీ మనలో ఈత ఎవరెవరికి వచ్చు?"

రెండు చేతులు లేచాయి. ఒకటి ఆ ముసలావిడదే. గది అంతా నవ్వింది, తర్వాత కాస్త సిగ్గుపడింది. అందరూ లేచి, తాళం తెప్పించుకుని కొలను చూడటానికి వెళ్లారు. అడుగున ఎండుటాకులు, ఓ మూల పిల్లి సంసారం. నీలం పలకలు మాత్రం చెక్కుచెదరలేదు. డాక్టరు ప్యాంటు మడిచి లోపలికి దిగాడు. "మా అమ్మ నన్నిక్కడికే తెచ్చేది. నేర్చుకునేలోపే మూసేశారు," అన్నాడు.

ఆ గట్టు మీదే మాట తేలింది. అమ్మొద్దు, నగరపాలక సంస్థకీ అప్పగించొద్దు. కొలను పేటది. నీళ్లు నగరం ఇవ్వాలి, మిగతా పనులు ఈదేవాళ్లే వంతులేసుకోవాలి. వంతు చెయ్యలేనివాళ్లు టికెట్టు కొనాలి. టికెట్టు అసలే వద్దని ఆవిడ వాదించి ఓడిపోయింది. అయినా మనసులో ముల్లేమీ మిగల్లేదు. ఆవిడ చెప్పింది చివరిదాకా విన్నారు, డాక్టరైతే చాలాసేపు ఆలోచించాడు కూడా.

ఇంట్లో చెప్పేసరికి మామగారు కంచం పక్కకి జరిపారు. "టికెట్టు పెట్టారా? దీనికేనా నిన్ను పంపింది?"

"కొట్టు మూసుకుని నేను చీపురు పట్టాలా?" అన్నాడు అన్నయ్య.

"చీటీలు తీసి రాజ్యమేలితే ఇలాగే తగలడుతుంది. ఏమంటావోయ్?" అన్నారు మామగారు.

"నిజమే మావయ్యగారూ. మీ పార్టీ అయితే ఎవరితో కొట్లాడాలో అయినా తెలిసేది."

ఆవిడ గరిటె ఆపి ఇద్దర్నీ చూసింది. తన పెళ్లయిన నాటి నుంచి వీళ్లిద్దరూ ఒక్క మాట మీద ఉండటం ఇదే మొదలు. "వచ్చేసారి మీ పేర్లు రావాలని మొక్కుకోండి," అంటూ ఇద్దరికీ మరికాస్త కూర వేసింది.

వేసవికి నీళ్లు వదిలారు. టికెట్టు కొనడం ఇష్టంలేక మామగారు అందరికంటే ముందే వంతుకి పేరిచ్చారు. అన్నయ్య టికెట్టే కొన్నాడు, కానీ పంపు మొరాయిస్తే పిలవకుండానే పానా పట్టుకుని వచ్చాడు. ఆవిడ డ్యూటీ దిగి, పూలకొట్టావిడ దగ్గర ఈత నేర్చుకుంటోంది. ఇంకా మునుగుతూనే ఉంది.

"తొందరేముందమ్మా," అంటుంది ముసలావిడ. "నీళ్లెక్కడికీ పోవు."