పలక పట్టుకున్న జడెయ

జడెయ పోయిన మూడో నెలలో అతని పెళ్లాం, మా చెల్లెలు కేతమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఆయన ముఖం మరిచిపోతున్నానన్నా. ఓటరు కార్డులో చూస్తే మసిపట్టిన కుండలా ఉంది. అడవి కెమెరాల్లో ఉంటాడుగా, ఒక్కసారి చూపించు."

ఉంటాడు. మేమిద్దరం ఆరేళ్లు పులుల లెక్కకు కెమెరాలు కట్టాం. చెట్టుకు మోకాలెత్తున కట్టాక, నేను పలక మీద నంబరు రాసి దాని ముందు పట్టుకుంటాను. నేను పక్కకు తప్పుకోగానే జడెయ పులిలాగా చేతులూ కాళ్లూ నేలకానించి పాకుతాడు. అతన్ని పట్టిన కెమెరా పులినీ పడుతుందని నమ్మకం. మూడో తరగతి దాకా చదివాను కాబట్టి పలక నాది. పాకడం అతనిది.

"చదువుకున్న బావ నిలబడతాడు, చదువురాని బావ మట్టి తింటాడు" అనేవాడు.

ఆ కెమెరాల కార్డుల్లో వీడియోలు చూసేది అటవీ ఆఫీసులో పనిచేసే వినుత. శివమొగ్గ పిల్ల. ఒక్కో కార్డులో వందల వీడియోలుంటాయి, ఆకు కదిలినా ఒకటి. చేత్తో తెరవలేక ఆమె కంప్యూటరుకు స్క్రిప్టు రాసిపెట్టింది. ఫలానా ఫోల్డరు తెరువు, ఫలానాది వదిలెయ్ అని చెప్పే కాగితంలాంటిదట అది. కేతమ్మను ఆమె దగ్గరికి తీసుకెళ్లాను.

"మనుషులున్నవి అది పక్కన పారేస్తుందన్నా" అంది వినుత.

"ఆ పారేసినవే కావాలి" అన్నాను.

వినుత కేతమ్మ వైపు చూసింది. ఇంకేమీ అడగకుండా స్క్రిప్టులో నాలుగు వరసలు మార్చింది.

"ఈ ఏటివి తేదీ వరసన తెరుస్తుంది. ఒక్కో ఫోల్డరులో మొదటి వీడియో ఒకటే. మీరిద్దరూ ఉండేది అందులోనే."

తేదీ వరసన అనగానే సగంలో ఆపమందామనుకున్నాను. అనలేదు.

మొదటిది తెరుచుకుంది. పలకతో నేను. నేను తప్పుకోగానే తల వంచుకుని జడెయ. నడినెత్తి, వీపు, పిర్రలు కనిపించాయి. అంతే.

కేతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఈ మనిషికి ముఖమే లేదా తల్లీ?"

రెండోదీ అంతే. మూడోదాంట్లో జడెయ గాండ్రించాడు.

"అబ్బో, అడవిలో పులే. ఇంట్లో మాత్రం సంగటి ముద్ద ముందు పిల్లి."

పదకొండు తెరుచుకున్నాయి. అన్నిటిలో ముందు నేను, తర్వాత అతని వీపు.

"నీ ముఖం చూడ్డానికి రాలేదన్నా నేను" అంది.

పన్నెండోదాంట్లో పలక తలకిందులుగా వచ్చింది. వినుత ఫక్కున నవ్వి ఆపుకుంది. పలక పట్టుకున్నది జడెయ. ముఖం తెర నిండా ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. ఊపిరి రంపం కోసినట్టు వినబడుతోంది. అతని వెనక నేల మీద నేను పాకుతున్నాను. వీడియో అయిపోయేదాకా అతను దగ్గుతూనే ఉన్నాడు.

కేతమ్మ తెర దగ్గరికి జరిగింది. "ఇదెప్పటిది?"

"ఉగాది దాటిన వారానికి" అంది వినుత.

కేతమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. అతను పోయింది ఆషాఢంలో. చివరి పది రోజులు మంచాన పడేదాకా జలుబన్నాడు. నేనూ జలుబే అన్నాను.

"మూడు నెలలు. నీకు తెలుసు."

"చెప్పొద్దన్నాడు. తెలిస్తే పని తీసేస్తారని."

"నేను తీసేస్తానా అన్నా పని?"

మేం మాట్లాడుకుంటున్నామని స్క్రిప్టుకు తెలియదు. పదమూడు తెరిచింది, పద్నాలుగు తెరిచింది. అన్నిటిలో జడెయ ముఖమే. ఒకదాని కంటే ఒకదాంట్లో చిక్కిపోయి ఉంది. చివరిదాంట్లో పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆపనా అక్కా?" అని వినుత రెండుసార్లు అడిగింది. కేతమ్మ ఆపనివ్వలేదు. రెప్ప వేయకుండా అన్నీ చూసింది.

అంతా అయ్యాక అంది, "మొదటిది మళ్లీ పెట్టమ్మా."

"అందులో ముఖం కనబడదక్కా."

"కనబడకపోతే పోనీ. పాకుతున్నాడుగా."

వినుత పెట్టింది. పలక పట్టుకుని నేను తెర మీదికి వచ్చాను. కేతమ్మ చెయ్యి చాపి నా మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. నేను పక్కకు తప్పుకునేదాకా తియ్యలేదు.