బయట వేసిన తాళం

నేను ఒక ఇనప షట్టరును. పైకి చుట్టుకుంటే అంగడి, కిందికి దిగితే గోడ. ఇంతకుమించి నాలో గొప్ప ఏమీ లేదు. అయినా మా బజారు పెద్దమనుషుల కంటే నాకు సిగ్గు కాస్త ఎక్కువ. అది ఎలా వచ్చిందో చెబుతాను.

నన్ను ఒక వెల్డింగు షాపులో చేశారు. రేకు పట్టీలను ఒకదానిలో ఒకటి దూర్చి, పైన స్ప్రింగులు బిగించి, పచ్చరంగు పూశారు. చేసినాయన నన్ను నాలుగుసార్లు ఎత్తి దించి, "లారీ గుద్దినా ఇది కదలదు" అని మెచ్చుకున్నాడు. కదలకపోవడమే నా గొప్ప అనుకుని నేనూ మురిసిపోయాను.

మొదట నన్ను ఒక రేడియోల అంగడికి బిగించారు. రేడియోలు కొనేవాళ్లు లేక అది మూతపడ్డాక, అందులోకి కేశవులు శెట్టి దిగాడు. పిల్లల చదువు పుస్తకాలు, నోటుబుక్కులు, అట్టలు అమ్మేవాడు. అప్పటికే నా స్ప్రింగు ఒకటి తెగింది. ఇద్దరు చేతులు వేస్తేగాని లేచేదాన్ని కాను. పొద్దున్నే ఒక చివర శెట్టి, ఇంకో చివర మద్దిలేటి పట్టుకుని ఎత్తేవాళ్లు. మద్దిలేటి అంగడి మెట్టు మీద గోనెపట్టా పరుచుకుని గొడుగులు బాగుచేసేవాడు, సంచులకు జిప్పులు కుట్టేవాడు. పదహారేళ్లుగా అదే మెట్టు. అతనికి దించుకోవడానికి షట్టరు లేదు.

మా బజారులో ఒక పద్ధతి ఉంది. ఊళ్లో గొడవలైతే అంగడి వదిలి ఇంటికి పోవడానికి వ్యాపారికి భయం, దోచుకుపోతారని. తెరిచి కూర్చోవడానికీ భయమే. అందుకని అతను లోపలే కూర్చుంటాడు, నమ్మకమైనవాడొకడు బయటి నుంచి తాళం వేస్తాడు. గుంపు వచ్చి తాళం చూసి, మూసేశారులే అని తృప్తిగా ముందుకు పోతుంది. అంతా సద్దుమణిగాక తాళం వేసినవాడే వచ్చి తీస్తాడు. ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారోగాని చాలా తెలివైనవాళ్లు. తాళం వేసినవాడు ఎక్కడ దాక్కోవాలన్నది మాత్రం వాళ్లకు తట్టలేదు.

ఒకప్పుడు ఏడాదికి ఒకటి రెండుసార్లు అలా దిగేదాన్ని. పోనుపోను నెలకు నాలుగుసార్లు దిగడం మామూలైంది. ఒకసారి ఎన్నికలని, ఒకసారి హత్య అని, ఒకసారి ఆ హత్యకు బదులు అని. లోపల శెట్టికి తోడు, రోజూ అంగడికి వచ్చి కూర్చునే పరాంకుశం సారు ఉండేవాడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. చీకట్లో ఇద్దరికీ వాదన తప్ప వేరే కాలక్షేపం లేదు.

"లోకం ముగిసిపోతాండాది సార్" అనేవాడు శెట్టి. "మనిషిని మనిషి నరుక్కుంటాంటే ఇంకేం మిగుల్తాది?"

"ముగియడం కాదు శెట్టీ, మారడం" అనేవాడు సారు. "పాతది పోయి కొత్తది పుడుతోంది. నెత్తురు కారకుండా ఏ దేశంలో మార్పు వచ్చిందో చెప్పు?"

నెత్తురు మాట ఎత్తినప్పుడల్లా ఆయన చేతిలో టీ గ్లాసు ఉండేది. తాళం వేసేముందు మద్దిలేటి తెచ్చిపెట్టిన టీ. ఒకసారి మద్దిలేటి గ్లాసు అందిస్తూ అడిగాడు, "సార్, ఆ కొత్తది పుట్టేలోపల మాయట్లాటోళ్లు యాడుండాల?" సారు నవ్వి, మంచి ప్రశ్న అని డైరీలో రాసుకున్నాడు. రాసుకున్నాడు, అంతే.

ఆ రోజు పొద్దున పక్క మండలంలో ఒక నాయకుణ్ణి నరికేశారు. పదకొండుకు వార్త వచ్చింది, పన్నెండుకు బస్టాండులో బస్సు తగలబడింది. మద్దిలేటి హడావుడిగా నన్ను దించి తాళం వేసి, "భయపడాకండన్నా, తిరిగొచ్చి నేనే తీస్తా" అని తాళంచెవి నడుముకు దోపుకుని సందుల్లోకి పోయాడు. అరగంట తిరగకముందే పరుగెత్తుకుంటూ వచ్చాడు. బజారంతా తిరిగినా తలదాచుకోవడానికి అతనికి ఒక్క తలుపూ దొరకలేదు.

తాళం తీసి, నన్ను రెండు చేతులా పట్టుకున్నాడు. "అన్నా, నేనే, మద్దిలేటిని. లోపల్నుంచి ఒక చెయ్యెయ్యన్నా. వస్తాండారన్నా."

లోపల శెట్టి లేచి వచ్చి నన్ను పట్టుకున్నాడు. ఎత్తుతాడనే అనుకున్నాను. సారు వచ్చి అతని చెవిలో, "తీస్తే మనం కనపడతాం" అన్నాడు. మద్దిలేటి బలంకొద్దీ ఎత్తాడు. జానెడు లేచాను. ఆ సందులోంచి అతనికి శెట్టి పంచె అంచు, సారు తోలు చెప్పులు కనిపించాయి. మరుక్షణం లోపలి నాలుగు చేతులూ కలిసి నన్ను నేలకు నొక్కేశాయి. ఇన్నేళ్ల వాదనలో ఏనాడూ ఒక మాట మీదికి రానివాళ్లు ఆ పూట వచ్చారు.

ఎవరు నొక్కారో మద్దిలేటికి తెలుసు. తెలిసి కూడా వంగి తాళం మళ్లీ వేశాడు, తాళంచెవి మురుగుకాలువలోకి విసిరేశాడు, నాకు వీపు ఆనించి నిలబడ్డాడు. తాళం దగ్గర వంగినవాణ్ణి గుంపు దూరం నుంచే చూసి, అంగడి తెరుస్తున్నాడనుకుంది.

"మా అన్న సచ్చిపోతే నీకు యాపారం కావాల్నా? తాళంచెవి ఇయ్ రా!"

"ఎవురూ ల్యారన్నా లోపల. పిల్లోల్ల పుస్తకాలన్నా."

ఆ తర్వాత పడిన దెబ్బల్లో సగం నాకు తగిలాయి. నేను ఇనుమును, నాకు సొట్టలు పడ్డాయి. అతను మనిషి. చాలాసేపు కాదు, కొంచెంసేపే పట్టింది. సాయంత్రం పోలీసులు తాళం కోసి నన్ను ఎత్తారు. శెట్టి, సారు ఒంటి మీద గీత పడకుండా బయటికి వచ్చారు.

దినాలు అయ్యాక మద్దిలేటి భార్య సుంకులమ్మ గోనెపట్టా, పనిముట్లు తీసుకుపోవడానికి వచ్చింది. సారు ఆ పూట అక్కడే ఉన్నాడు. అన్నీ మూటగట్టుకుని ఆమె శెట్టిని అడిగింది, "ఆయప్ప షట్టరు కొట్లేదా అన్నా?"

శెట్టి నావైపు చూశాడు. "కొట్లేదమ్మా. కొట్టింటే ఇనపడదా" అన్నాడు. సారు కూడా తల ఊపాడు.

సుంకులమ్మ కళ్లు తుడుచుకుంది. "అదే అనుకుంటి. కొట్టింటే మీరు తీయకుండా ఉంటారా? నాకేమన్నా అయితే శెట్టన్న ఉండాడులే అనేటోడు." ఇద్దరికీ దండం పెట్టి వెళ్లిపోయింది.

నాకు నోరుంటే బాగుండునని పుట్టినప్పటి నుంచి ఆ ఒక్కసారే అనుకున్నాను. ఆ వారంలోనే శెట్టి మీట నొక్కితే లేచే కొత్త షట్టరు పెట్టించాడు. పాతది తుప్పు పట్టిందని అందరికీ చెప్పాడు. నాలో ఎక్కడా తుప్పు లేదు. సారు రాసిన వ్యాసం పేపర్లో పడింది, సమాజం కూలుతోందా మారుతోందా అని. చాలా బాగుందని జనం ఫోన్లు చేశారట.

ఇప్పుడు పాత ఇనుము గుట్టలో పడి ఉన్నాను. రేపో ఎల్లుండో లారీకెత్తి కొలిమికి పంపుతారు. కరిగించి మళ్లీ తలుపే చేస్తారో, వేటకొడవలి చేస్తారో తెలియదు. ఆ రెండింటికీ తేడా ఉందని ఒకప్పుడు నమ్మేదాన్ని.