ల్యాప్‌టాప్ మీద కండువా

బుడమేరు బెజవాడను ముంచిన ఏడు, చెన్నకేశవులు అమెరికాలో, ఆష్‌బర్న్‌లో కూతురు భావన దగ్గరున్నాడు. ఆమె పీహెచ్‌డీ లెక్కలు ల్యాప్‌టాప్‌లో నెలల తరబడి ఆగకుండా నడిచేవి. ఆమె యూనివర్సిటీకి వెళ్లగానే, దుమ్ము పడకుండా ఆయన దాని మీద కండువా కప్పేవాడు. కారు చప్పుడు వినగానే తీసి భుజాన వేసుకునేవాడు. కండువా వెచ్చగా ఉండేది.

ఒకనాడు ల్యాప్‌టాప్ ఆగిపోయింది.

"బోర్డ్ కాలిపోయిందట నాన్నా. నా రిజల్ట్స్ అన్నీ అందులోనే పోయాయి," అంది భావన.

"ఒక్కరోజు వేడికేనా అమ్మా?"

"కాదు, గాలాడక రోజూ ఉడికి ఉడికి పోయిందట. టేబుల్ మీదేగా పెట్టాను!"



మరునాడు పొద్దున భావన లేచి వచ్చేసరికి, చచ్చిన ల్యాప్‌టాప్ మీద రోజూ కప్పినట్టే కండువా కప్పి, పక్కన ఆయన తల దించుకుని నిలబడ్డాడు.