ఏడు ఫోల్డర్ల అడుగున

చెల్లెలు ఇల్లు చేరేసరికి కాళ్ళు లాగేస్తున్నాయి. చెప్పులు విడిచి కుర్చీలో కూలబడి, సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి చూపించింది.

"తెచ్చేశానక్కా. మొత్తం ఇందులోనే ఉంది."

అక్క గొంతుకు ఆపరేషన్ జరిగి పద్నాలుగు నెలలైంది. అప్పటినుంచీ ఆమె మాటలన్నీ పలక మీదే. సుద్దముక్క తీసుకుని రాసింది: "ముందు మంచినీళ్ళు తాగు. మొహం పీక్కుపోయింది."

చూపులేనివాళ్ళకోసం పుస్తకాలు రికార్డు చేసే చోట ఇద్దరూ ఇరవై రెండేళ్ళు పనిచేశారు. అక్క అద్దాల గదిలో కూర్చుని చదివేది. చెల్లెలు ఇవతల కంప్యూటర్ ముందు కూర్చుని తప్పులూ దగ్గులూ కత్తిరించేది. కత్తిరించిన ముక్కల్ని తరుగు అనేవాళ్ళు. తరుగును ప్రతి శనివారం చెరిపేయాలని మేనేజరు నియమం. చెల్లెలికి చేతులు వచ్చేవి కావు. ఒకసారి పోయింది మళ్ళీ రాదన్న గుబులు ఆమెకు చిన్ననాటినుంచీ ఉంది. అందుకే ఫోల్డరులో ఫోల్డరు, అందులో మరొకటి, అలా ఏడింటి అడుగున దాచుకుంది.

పుస్తకాలు చదివిన గొంతు ఊరూరా ఉంది. అది పదిమందికోసం సవరించుకున్న గొంతు. "ఒసేయ్, ఆపవే, నాలిక తిరగట్లేదు" అని చెల్లెల్ని కసిరిన గొంతు మాత్రం ఆ తరుగులోనే ఉంది.

అక్క పని మానేశాక, ఆఫీసులో మధ్యాహ్న భోజనం దగ్గర రెండు ముక్కలు విందామని చెల్లెలు రోజూ ఆ ఫోల్డర్లు తెరిచేది. ఏడోది తెరుచుకునేసరికి అన్నం చల్లారిపోయేది. పదిరోజుల కిందట అక్కడే పనిచేసే కంప్యూటర్ ఆపరేటరమ్మ చూసి, జాలిపడి తెర మీద ఒక బొమ్మ పెట్టింది. దాని మూల చిన్న బాణం.

"ఇది షార్ట్‌కట్, పిన్నిగారూ. రెండుసార్లు నొక్కితే నేరుగా అక్కడికే వెళ్తారు. ఎందుకండీ రోజూ ఆ అవస్థ?"

ఇవాళ చెల్లెలి ఉద్యోగానికి ఆఖరి రోజు. పాత కంప్యూటర్లను రేపు పదింటికి తుక్కు కింద పట్టుకుపోతారు. సాయంత్రం ఆమె ఎవరూ చూడకుండా ఆ బాణం బొమ్మను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంది. రెప్పపాటులో అయిపోయింది. అంత తరుగు ఇంత తొందరగా ఎలా వచ్చిందని అనుమానం రాకపోలేదు. కొత్త పద్ధతి కాబోలని సర్దిచెప్పుకుంది.

ఇప్పుడు అక్క పక్కన కూర్చుని లాప్‌టాప్‌లో ఆ బొమ్మను నొక్కింది. అది చూపించే చోటు ఎక్కడా లేదని తెర మీద రాసి వచ్చింది. నాలుగుసార్లు నొక్కినా అదే మాట.

అక్క పలక తిప్పి చూపించింది: "నా గొంతు రెండోసారి కూడా పోయిందా?"

రాసినందుకు తనే నవ్వింది. చెల్లెలికి నవ్వు రాలేదు. వెంటనే ఆపరేటరమ్మకు ఫోన్ చేసింది.

"అయ్యో పిన్నిగారూ, అది ఫోల్డరు కాదండీ, దాని దగ్గరికి దారి అంతే! డోరు నంబరు రాసుకెళ్ళి ఇల్లు తెచ్చేసుకున్నాననుకున్నారా? సరే, కంగారుపడకండి. రేపు తొమ్మిదింటికి రండి, తాళం నా దగ్గరే ఉంది."

మర్నాడు వెళ్ళేసరికి తెర నున్నగా ఉంది. ఇచ్చేసే యంత్రాలు కదా, పైనున్న బొమ్మలన్నీ తుడిచేయమని మేనేజరు రాత్రే చెప్పాడట. చోటు చాలదేమోనని పెన్‌డ్రైవ్‌లోని బాణం బొమ్మను చెల్లెలు కూడా రాత్రే చెరిపేసింది.

"షార్ట్‌కట్ పోయినా ఫోల్డరు ఉంటుందండీ. ఆవేళ పేరు నేను గమనించలేదు, చెప్పండి, వెతుకుతాను."

"పేరు గుర్తొస్తే కదమ్మా! ఎవరికీ తెరవబుద్ధి కాకూడదని అన్నిటికీ చప్పటి పేర్లు పెట్టాను."

కింద లారీ ఆగిన చప్పుడైంది. చెల్లెలు కుర్చీ లాక్కుని మౌస్ మీద చెయ్యి వేసింది. బుర్రకు తెలియనిది చేతికి తెలుసు. పాత ప్రింటరు. విడిభాగాలు. వారంటీ కాగితాలు. నాలుగోదాని దగ్గర దారి తప్పి వెనక్కి వచ్చింది. మళ్ళీ దిగింది. ఆఖరి ఫోల్డరు పేరు ‘ఖాళీ’. అందులో పదకొండు వేల ముక్కలున్నాయి.

"ఖాళీయా!" అని ఆపరేటరమ్మ నోరు నొక్కుకుంది.

కాపీ కావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈలోగా మోసేవాళ్ళు వచ్చారు. "ఇది ఆఖర్న తీసుకెళ్ళండి బాబూ, దీనికింకా ప్రాణం ఉంది" అని ఆపరేటరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అయ్యాక ఆమె పెన్‌డ్రైవ్‌ను తన కంప్యూటర్‌కు పెట్టి, తెరుచుకుంటోందని చూపించేదాకా చెల్లెలు కదల్లేదు. తర్వాత ఇద్దరు మనుషులు ఆ పాత యంత్రాన్ని ఎత్తుకుపోతుంటే మెట్లదాకా వెళ్ళి చూసింది.

మధ్యాహ్నం ఇంట్లో అక్క గొంతు పలికింది. "ఒసేయ్, నిద్రపోతున్నావా అక్కడ? మళ్ళీ మొదట్నించి చదువుతాను, వినవే." అక్క కళ్ళు మూసుకుని వింది. ఆ ముక్క అయ్యాక పలక అందుకుంది.

"ఎంత గయ్యాళినే! ఎలా భరించావు?"

చెల్లెలు నవ్వింది. అలసటతో రెప్పలు బరువెక్కుతున్నాయి. ఇంతలో లాప్‌టాప్‌లో అక్క దగ్గింది, పొడవుగా, రెండుసార్లు. చెల్లెలి చెయ్యి అలవాటుకొద్దీ, కత్తిరించడానికి మౌస్ మీదికి పోయింది. గబుక్కున వెనక్కి తీసి ఒళ్ళో పెట్టుకుంది.