మొద్దు పడుకున్న కుర్చీ

ఆ ఇంటి తోడికోడళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అత్తగారు మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాక, పోట్లాటకి ఆవిడ మంచం పక్కనున్న కుర్చీ కూడా దొరికింది. ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉండటానికి పగలంతా ఆ కుర్చీ పెద్దకోడలిది, సాయంత్రం నుంచి చిన్నకోడలిది.

చిన్నకోడలు బేకరీలో పనిచేస్తుంది. తెల్లారకముందే వెళ్ళి, పిండి పిసికి, బ్రెడ్డు కాల్చి, మధ్యాహ్నానికి ఇల్లు చేరి ఒళ్ళు తెలీకుండా పడిపోతుంది. పెద్దకోడలి కంటికి అది ఘోరమైన నేరం. ఇంటికొచ్చిన వాళ్ళందరితో, "మా ఇంట్లో రెండు పిల్లులున్నాయండీ, ఒకటి నాలుగు కాళ్ళది" అనేది. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళ పళ్ళు రాలగొట్టాలనిపించేది చిన్నకోడలికి.

నాలుగు కాళ్ళదాని పేరు మొద్దు. తెల్లటి పిల్లి. తినడానికి లేవడం, ఒళ్ళు విరుచుకోవడం, మళ్ళీ చుట్ట చుట్టుకుని పడుకోవడం, ఇదే దాని ఉద్యోగం. ఆ పేరు అత్తగారు ముద్దుగా పెట్టింది.

ఒకరోజు భోజనాల దగ్గర పెద్దకోడలు అసలు బాణం వదిలింది. "సాయంత్రాలు కూడా అత్తయ్య దగ్గర నేనే ఉంటాను. చిన్నదానికి కూర్చుంటే కునుకు. రేపు ఏమైనా జరిగితే ఎవరిది బాధ్యత?"

బావగారు తలూపాడు. తన మొగుడైనా అడ్డం పడతాడనుకుంటే, "పోనీలే, వదిన చూసుకుంటుంది. నువ్వు పడుకో" అన్నాడు. చిన్నకోడలు కంచం పక్కకి నెట్టేసింది. బేకరీలో చేరతానన్నప్పుడు ఇల్లంతా ఒంటికాలి మీద లేస్తే, "వెళ్ళవే, ఎవరేమంటారో నేను చూస్తా" అన్నది అత్తయ్య ఒక్కతే. ఈ ఇంట్లో తనకంటూ ఉన్న మనిషి ఆవిడే. ఆవిణ్ణి కూడా లాగేసుకుంటుందా ఈ మహాతల్లి!

కానీ ఆమె దగ్గర ఒక ఆధారం ఉంది. రోజూ సాయంత్రం ఆ కుర్చీలోంచి లేస్తే తన బట్టల నిండా తెల్ల వెంట్రుకలు. కుర్చీ మీది నీలం మెత్త మధ్యలో పిల్లి పడుకున్నంత మేర గుండ్రంగా బొచ్చు పరుచుకుని ఉంటుంది. అంత బొచ్చు ఒక్క కునుకులో రాలేది కాదు. మరి పొద్దుటి నుంచి కుర్చీ దిగలేదని చెప్పే పెద్దకోడలి నల్లబట్టలకి ఒక్క వెంట్రుకా అంటదేం?

సెలవురోజు మధ్యాహ్నం ఆమె పడుకోలేదు. మొగుణ్ణి, బావగార్ని వెంటబెట్టుకుని అత్తగారి గది తలుపు తోసింది. పెద్దకోడలు లేదు. వరండాలోంచి ఫోన్లో ఆమె నవ్వు వినబడుతోంది. మంచం మీద అత్తగారు నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతోంది. కుర్చీలో మొద్దు, మూతిని తోకలో దాచుకుని, అదే నిద్రలో ఉంది.

చిన్నకోడలు మెల్లిగా మాట్లాడి ఉండొచ్చు. వేలు పెట్టి చూపించినా సరిపోయేది. కానీ ఇన్నాళ్ళ కసి ఊరుకుంటుందా? మెడ పట్టుకుని పిల్లిని పైకెత్తేసింది.

"చూడండి బావగారూ! చెయ్యి పెట్టి చూడండి, మెత్త ఎంత వెచ్చగా ఉందో! పొద్దుటి నుంచి అత్తయ్యని కనిపెట్టుకుని కూర్చున్నది ఎవరో చూశారా?"

మొద్దు ఆమె చెయ్యి రక్తం వచ్చేలా గీరి, కిటికీలోంచి దూకి పారిపోయింది. కేకలకి పరిగెత్తుకొచ్చిన పెద్దకోడలి ముఖాన నెత్తురుచుక్క లేదు. ఆ ముఖం చూసి చిన్నకోడలికి ప్రాణం లేచొచ్చింది. చేతి మంట కూడా తెలీలేదు.

"పెద్దదాన్ని బయటికి పొమ్మన్నది నేనే" అంది అత్తగారు, కళ్ళు తెరిచి.

ఆవిడ పెద్దకోడలి కేసి చూసింది.

"అది కూర్చుంటే నేనున్నానా పోయానా అని మాటిమాటికీ మొహం మీదికి వంగుతుంది. ఇంకెక్కడి నిద్ర?"

"నాతో చెప్పొచ్చుగా అత్తయ్యా! నేను కూర్చునేదాన్ని" అంది చిన్నకోడలు.

"నువ్వా? కూర్చున్నంతసేపూ పెద్దది అలా అంది, ఇలా అంది అని చెవిలో పోస్తావు. మీ ఇద్దరికీ నా మంచం ఒక పోట్లాట చోటు. ఎముక విరిగినప్పట్నుంచీ నాకు కన్ను మూతపడింది ఆ పిల్లి పక్కన పడుకున్నప్పుడే. దాని నిద్ర చూస్తుంటే నాకూ నిద్రొచ్చేది. దాన్నీ తరిమేశావు."

మొద్దు చీకటి పడ్డాక వచ్చింది కానీ, గడప దాటి ఆ గదిలోకి రాలేదు. చిన్నకోడలు ఎత్తుకొచ్చి కుర్చీలో పెడితే కట్టెలా బిగుసుకుని, వదలగానే దూకేసింది. పాలు పెట్టింది, మెత్త మీద చేపముక్క పెట్టింది. చేపముక్క నోట కరుచుకుని వంటింట్లోకి పోయింది. నిద్రలో మెడ పట్టుకుని లాగిన చోట పిల్లి మళ్ళీ పడుకోదు. ఆ సంగతి ఆమెకి అప్పటిదాకా తెలీదు.

మర్నాడు బేకరీ నుంచి రాగానే, పెద్దకోడల్ని మాటలేకుండా పక్కకి నెట్టి తనే కుర్చీలో కూర్చుంది. అత్తగారు పైకప్పు కేసి చూస్తూ పడుకుని ఉంది. కళ్ళ కింద నల్లగా కమిలిపోయింది. చిన్నకోడలు ఒక్క మాట మాట్లాడలేదు. కాళ్ళు పైకి ముడుచుకుని, తల వాల్చి, కళ్ళు మూసుకుని, ఊపిరి నెమ్మదిగా వదలసాగింది. తనని చూసైనా అత్తయ్యకి నిద్ర రావాలి.

వరండాలో పెద్దకోడలి అడుగుల చప్పుడు అటూ ఇటూ తిరుగుతోంది.

"చిన్నదానా" అంది అత్తగారు.

ఆమె పలకలేదు. నిద్రపోతున్న మనిషి పలకదు కదా.

"నిద్రపోయేదానివి అలా పళ్ళెందుకు కొరుకుతున్నావే?"