బావకూ బామ్మర్దికీ మధ్య తొమ్మిదడుగులు

నేను ఒక ఇనప రాడ్డును. చెడిపోయిన ట్రాక్టరును బాగున్న ట్రాక్టరు వెనక తగిలించి లాక్కుపోతారు చూడండి, అప్పుడు రెంటికీ మధ్య ఉండేది నేనే. పొడుగు తొమ్మిదడుగులు, రెండు చివరలా పిన్ను దూర్చడానికి రెండు బెజ్జాలు. అందం గురించి అడక్కండి.

నన్ను చేసినవాడు గిద్దలూరులో వెల్డింగు షాపు పెట్టుకున్న ఖాసిం సాహెబు. అంతకు ముందు నేను ఎవరి పొలంలోనో నీళ్ళు పడని బోరులో పైపును. కావాలని చెప్పి చేయించుకున్న పెద్దమనిషి నా వెల్డింగు చల్లారేలోపు ట్రాక్టరే అమ్మేశాడు. షాపు ముందు ఊరికే పడున్న నన్ను పక్కనున్న టీ బంకు ఆమె అడిగి తీసుకుపోయి దండెంగా కట్టుకుంది. రెండేళ్ళపాటు తడి తువ్వాళ్ళు మోశాను. టీ తాగడానికి వచ్చినవాళ్ళు నా కింద నిలబడి లోకంలో ఎవరెవరు ఎలా బాగుపడాలో చెప్పుకుంటుంటే వినేవాణ్ణి. వాళ్ళు మాత్రం రోజూ అలాగే వచ్చేవాళ్ళు.

ఆ రెండేళ్ళ తర్వాత, వాన పడి నేల పదునెక్కిన ఒక ఉదయం, ఈశ్వరమ్మ అనే ఆవిడ ఆటో దిగి ఖాసిం సాహెబు దగ్గరికి వచ్చింది. ఆమె తమ్ముడు తిరుపాలు ట్రాక్టరు ఇంజను పట్టేసింది. లేతు మిషను పని ఉంది, నంద్యాల తీసుకుపోక తప్పదు. మోసుకుపోయే లారీలన్నీ ఎరువుల మూటల మీద తిరుగుతున్నాయి, వారం దాకా రావంటున్నారు. పదును నాలుగు రోజులకు మించి నిలవదు. కంది విత్తడం తప్పిపోతే తిరుపాలుకు ఆ ఏడు పంట లేనట్టే. కాబట్టి తన మొగుడు ఓబులేసు ట్రాక్టరు వెనక కట్టి లాక్కుపోవాలని ఆమె తేల్చేసింది.

చిక్కల్లా ఒకటే. ఓబులేసుకూ తిరుపాలుకూ మూడేళ్ళుగా మాటల్లేవు.

కారణం చెబితే నవ్వకండి. ఒక పెళ్ళిలో, బంతిలో కూర్చుని పప్పన్నం కలుపుకుంటూ, బామ్మర్ది దున్నిన సాలు ఎద్దు నడుస్తూ ఉచ్చ పోసినట్టు ఉంటుందని ఓబులేసు అన్నాడు. అరవైమంది నవ్వారు. తిరుపాలు విస్తరి మడిచి లేచిపోయాడు. అప్పటినుంచి ఒకే ఇంట్లో కూర్చుని తింటున్నా, ఇద్దరి మాటలూ ఈశ్వరమ్మ మీదుగానే నడిచేవి. ఉప్పు కావాలన్నా ఆమెతో చెప్పించుకునేవాళ్ళు.

మధ్యాహ్నానికి రెండు ట్రాక్టర్లూ షాపు ముందుకు చేరాయి. చెడిపోయినదాన్ని ఎడ్లతో లాక్కొచ్చారు. ఓబులేసు మోకు తెచ్చాడు. ఖాసిం సాహెబు దాన్ని పక్కన పడేశాడు. "మోకు లాగుతాది గానీ ఆపదు అన్నా. ఘాటులో దిగుడు తగిలిందంటే వెనక ట్రాక్టరు వచ్చి నీ వీపెక్కుతాది. రాడ్డే ఉండాల" అన్నాడు. అప్పుడు ఆయన చూపు టీ బంకు వైపు తిరిగింది. టీ బంకు ఆమె తువ్వాళ్ళు తీసుకుని, నన్ను ఇచ్చేసింది.

పిన్నులు దూర్చి, అవి ఊడిపోకుండా అడుగున తాళం పిన్నులు పెట్టి, ఒకవేళ నేను విరిగితే ఉంటుందని పక్కనే ఒక గొలుసు కూడా కట్టాడు ఖాసిం సాహెబు. ఈశ్వరమ్మ పాత ఎర్ర చీర చింపి వెనక ట్రాక్టరుకు కట్టింది. ఇక జాగ్రత్తలు చెప్పడం మొదలైంది. మనుషుల గురించి నాకు బాగా తెలిసింది అప్పుడే. ఇద్దరూ జానెడు దూరంలో నిలబడి, ఇద్దరూ ఖాసిం సాహెబు మొహమే చూస్తున్నారు.

ముందు పోయేటాయన మలుపుల దగ్గర నిదానించాలని తిరుపాలు సాహెబుతో చెప్పాడు. వెనక కూర్చునేటాయన గేరు న్యూట్రల్లో ఉంచి, నిద్రపోకుండా స్టీరింగు పట్టుకోవాలని ఓబులేసు సాహెబుతో చెప్పాడు. సాహెబు అటు చెప్పి, ఇటు చెప్పి, చివరికి విసిగిపోయి చెమట తుడుచుకున్నాడు. మాటలతో పని లేకుండా ఈశ్వరమ్మే ఒక ఉపాయం చేసింది. తమ్ముడి చేతికి స్టీలు పళ్ళెం, గరిటె ఇచ్చింది. ఒక దెబ్బ కొడితే నిదానించాలి, రెండు కొడితే ఆపాలి.

బయల్దేరాం. చదును రోడ్డు మీద నాకేమీ కష్టమనిపించలేదు. గొడ్లు అడ్డం వస్తే పళ్ళెం ఒకసారి మోగేది, ఓబులేసు నిదానించేవాడు. దారి పక్క జనం మాత్రం పళ్ళెం మోత విని ఏదో దేవుడి ఊరేగింపు అనుకుని లేచి నిలబడ్డారు. ఒక ముసలావిడ దండం కూడా పెట్టింది. తిరుపాలు తల వంచుకుని కూర్చున్నాడు.

నల్లమల ఘాటు ఎక్కడం అయిపోయి దిగుడు మొదలయ్యాక కథ మారింది. ఓబులేసు చిన్న గేరులోనే దిగుతున్నాడు, ఆ విషయంలో ఆయన్ను అనడానికి లేదు. వెనక ట్రాక్టరు బరువంతా మాత్రం నా మీదికి వచ్చింది. అంతవరకూ సాగదీసిన నన్ను ఇప్పుడు రెండువైపులనుంచీ నొక్కుతున్నారు. తిరుపాలు బ్రేకు తొక్కాడు. అంతే, ట్రాక్టరు ఆగకుండా గిర్రున కుడికి లాగింది. లోయ అటువైపే ఉంది.

ట్రాక్టరుకు బ్రేకులు రెండు. కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి. పొలంలో మళ్ళుకోవడానికి విడివిడిగా తొక్కుతారు. రోడ్డెక్కేముందు ఆ రెంటినీ ఒక కొక్కెంతో కలపాలి. అన్ని జాగ్రత్తలు చెప్పించుకున్న తిరుపాలు ఆ కొక్కెం వేయడం మరిచిపోయాడు, కాలేమో కుడి బ్రేకు మీదే పడుతోంది.

కాలు తీస్తే బండి నన్ను నెడుతోంది, తొక్కితే లోయవైపు తిరుగుతోంది. వెనక లారీ ఒకటి ఆగకుండా హారను కొడుతోంది. పళ్ళెం ఒళ్ళోనే ఉంది గానీ, కొట్టాలంటే స్టీరింగు వదలాలి. ముందున్న ఓబులేసుకు కుదుపు తెలుస్తోంది. బామ్మర్ది కావాలనే ఈడుస్తున్నాడని గొణుక్కుంటూ, వెనక్కి చూడకుండా పోతున్నాడు. నా ముందు పిన్ను కిర్రుమంది. పళ్ళెం జారి రోడ్డు మీద పడి, దొర్లుకుంటూ మమ్మల్ని దాటి ముందుకు పోయింది.

అప్పుడు వినిపించింది.

"బావా, ఆపు. బ్రేకుకు కొక్కెం ఎయ్యలేదు."

తిరుపాలు గొంతు చీలిపోయింది. ఓబులేసు చటుక్కున బ్రేకు తొక్కి ఉంటే నేను విరిగేవాణ్ణే. ఆయన తొక్కలేదు. కొంచెం కొంచెంగా తగ్గించి, కొండవైపు ఒరుసుకుంటూ వెడల్పు ఉన్న చోట ఆపాడు. దిగి, చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. లారీ తిట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. వెనక ట్రాక్టరు దగ్గరికి వచ్చి, వంగి, తన చేత్తోనే కొక్కెం వేశాడు. తిరుపాలు చేతులు స్టీరింగును ఇంకా వదల్లేదు. ఓబులేసు ఆ చేతుల మీద తన చెయ్యి వేసి, అవి వదిలేదాకా తీయలేదు. చుట్టూ అడవి, ఇంజను గుడగుడ తప్ప చప్పుడు లేదు.

కిందికి దిగి తిరుపాలు అన్నాడు. "నా సాలు వంకర అంటివి గదా బావా, అంతమందిలో."

"అంటిని. వంకరే గదా అబ్బీ." ఓబులేసు చక్రం కింది రాయిని కాలితో ఇంకాస్త లోపలికి తోశాడు. "అంతమందిలో అనకుండా ఉండాల్సింది."

ఇద్దరూ ఒక సీసాలో నీళ్ళు తాగారు. అక్కడినుంచి నంద్యాల దాకా పళ్ళెం అవసరం రాలేదు. మూడేళ్ళ మాటలన్నీ ఆ తొమ్మిదడుగుల మీదుగా అటూ ఇటూ అరుచుకుంటూ పోయారు. పిల్ల చదువు, చచ్చిపోయిన బర్రె, తిరుపాలు మోకాలి నొప్పి, అన్నీ నేను విన్నాను. ఒక్కరూ మంద్రంగా మాట్లాడలేదు.

మెకానిక్కు షెడ్డులో నన్ను విప్పారు. ఆకలేస్తోందని ఇద్దరూ భుజాలు రాసుకుంటూ హోటలుకు పోయారు. మూడోనాటికి ఇంజను పలికింది. తిరుపాలు తన ట్రాక్టరు తానే నడుపుకుంటూ పదును ఆరకముందే ఊరు చేరాడు. నన్ను ఇద్దరూ మరిచిపోయారు. మెకానిక్కు కాలితో తోసి, షెడ్డు వెనక పాత ఇనుములో కలిపేశాడు.

నిరుడు వేసవిలో వాళ్ళు మళ్ళీ వచ్చారు. సర్వీసు అయ్యేదాకా నీడ వెతుక్కుని, వచ్చి నా మీదే కూర్చున్నారు. గుర్తుపట్టలేదు. గట్టిగా వాదులాట నడుస్తోంది. ఆరోజు ఘాటులో ముందుగా పలకరించింది ఎవరని. కొక్కెం వేయమని బావే మొదట అడిగాడని తిరుపాలు ఒట్టేస్తున్నాడు. అసలు ఆరోజు తనకు కోపమే లేదని, పలకరింపు ఎవరిదైనా తనకు గుర్తుండాల్సిన పనిలేదని ఓబులేసు అంటున్నాడు.

నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, వాళ్ళ కిందే ఉన్నాను. అడుగుతారేమోనని చూశాను. ఓబులేసు లేచి, నా తుప్పు అంటిన పంచె దులుపుకుని, బామ్మర్దిని టీకి పిలిచాడు.