గేటు దగ్గరి తొట్టి

ఎల్‌బోర్న్ వాగులో తెల్ల డెక్కల రొయ్యలు పట్టపగలు రాళ్ళ కింద నుంచి బయటికొచ్చాయి. కాళ్ళ మీద లేచి నాలుగడుగులు నడిచి వెల్లకిలా పడ్డాయి. లెన్ టఫిన్ మొదటి రోజు చచ్చినవి నలభై ఏరాడు. మూడో రోజు లెక్కపెట్టడం మానేశాడు.

ఆ వాగుకి లెన్ ఇరవై ఆరేళ్ళుగా కాపరి. గేటు దగ్గర మందునీళ్ళ తొట్టి పెట్టిందీ, 'బూట్లు ముంచనిదే నీళ్ళలో దిగరాదు' అని బోర్డు రాసిందీ అతనే. పక్క నదుల్లో అమెరికా రొయ్యలు చేరాయి. అవి మోసే తెగులు వాటిని చంపదు, తెల్ల డెక్కల వాటిని చంపుతుంది. ఆ తెగులు మోసుకురావడానికి ఒక్క తడి బూటు చాలు.

పరీక్షకు నీళ్ళు పట్టుకెళ్ళడానికి సంరక్షణ సంఘం నుంచి సేడీ వచ్చింది. "ఈ నెల్లో తడి సామానుతో ఎవరైనా వచ్చారా, లెన్?" అని అడిగింది.

"విల్ఫ్ హిబర్డ్ తడి వలతో వచ్చాడు. గేటు దగ్గరే వెనక్కి పంపించేశా" అన్నాడు లెన్.

అందులో అబద్ధం లేదు. సేడీ పుస్తకంలో రాసుకుంది. వారం తిరక్కుండా, తెగులు తెచ్చింది విల్ఫేనని ఊరంతా అనుకుంది. విల్ఫ్ చేపలు పట్టే అనుమతి రద్దు చేస్తారని పబ్బులో చెప్పుకున్నారు.

లెన్ చెప్పనిది జూన్ గడ్డికోత సంగతి. ఆ వారం కాపరులు ఒకరి నదికి ఒకరు సాయం వెళతారు. గొలుసు కొడవలిని అటొకరు ఇటొకరు పట్టుకుని నీటిగడ్డి కోస్తారు. మంగళవారం లెన్ పక్క నదిలో నడుముదాకా దిగి కోశాడు. బుధవారం పొద్దున్నే వాగు దిగువన ఉండే కాపరి ఫోన్ చేశాడు. "నీ వాగులో కోసిన గడ్డి అంతా తూముకి అడ్డం పడిందోయ్. నీళ్ళు ఎగదన్ని నీటి ఎలుకల బొరియల్లోకి పోతున్నాయి. పిల్లలున్నాయి, త్వరగా రా!"

బూట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. గేటు దగ్గర తొట్టి ఉంది. ముంచి పావుగంట ఆగాలి. లెన్ ఆగలేదు.

శనివారం మధ్యాహ్నం విల్ఫ్ అతని కొట్టం దగ్గరికి వచ్చాడు. ఎనభై రెండేళ్ళ మనిషి. లెన్‌కి గాలం పట్టడం నేర్పింది ఆయనే. అనుమతి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"వాళ్ళు అడగకముందే ఇచ్చేద్దామని తెచ్చా. ఆ రోజు నువ్వు తిడితే నీ మీద మండిపడ్డాను. కానీ నువ్వొచ్చేలోగా వల గట్టున ఆనించానురా. నీళ్ళు కారి వాగులో పడ్డాయేమో. రాత్రుళ్ళు అదే ఆలోచన. నీ ఇరవై ఆరేళ్ళ కష్టం మట్టిపాలు చేశాను. నీ మొహం చూడ్డానికి సిగ్గేసింది."

లెన్ కార్డు వైపు చూశాడు. "మీరు కాదు, పెద్దాయనా."

"ఓదార్చొద్దు. నేనేమన్నా పసిపిల్లాణ్ణా?"

"నా బూట్లు. పక్క నదిలో కోసొచ్చి, ముంచకుండా దిగాను."

విల్ఫ్ బల్ల మీది కార్డు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, "సేడీకి చెప్పావా?" అన్నాడు.

"లేదు."

"ఎన్నాళ్ళయింది?"

"మీ పేరు చెప్పి పన్నెండు రోజులు."

"అయితే నాకెందుకు ముందు చెప్పావ్? నేను పోనీలేరా అంటాననా?" విల్ఫ్ కార్డు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "అనను." గుమ్మం దాకా వెళ్ళి తిరిగి చూశాడు. "ఆ అమ్మాయి ఇప్పుడు వాగులోనే ఉంది. నే చూసే వచ్చా."

లెన్ బూట్లు తొడుక్కుని నడిచాడు. సేడీ మోకాలి లోతులో నిలబడి రాళ్ళు ఎత్తి చూస్తోంది. పక్కన, బతికినవి దొరికితే వేసే పళ్ళెం ఖాళీగా ఉంది. గేటు దగ్గర లెన్ ఆగాడు. బూట్లు తొట్టిలో ముంచి, అంచు మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు ఎందుకు లెన్, వచ్చెయ్! కాపాడ్డానికి ఇంకేం మిగల్లేదు" అని సేడీ పిలిచింది.

లెన్ పావుగంటా కూర్చున్నాడు. తర్వాత దిగి, నీళ్ళలో ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"నీ పుస్తకంలో విల్ఫ్ పేరు కొట్టేసెయ్. అక్కడ నా పేరు రాసుకో" అన్నాడు.